సమాధి మీదుగా ఇచ్చిన కుక్క

సఫ్తా ఎదురైతే మా వాల్యా రేచె ఊళ్ళో పిల్లలు ఇప్పటికీ పక్కకి తప్పుకుంటారు. ఆవిడకి మాటా మంతీ లేదు, నవ్వు లేదు, ఒకరి గుమ్మం తొక్కదు. పుట్టుకతోనే అలాంటి మనిషి అనుకునేవాళ్ళున్నారు. శుద్ధ అబద్ధం. ఊరి భూములన్నీ సర్కారు ఒక్కటి చేసి సాగుచేయించిన కలెక్టివ్ పొలాల రోజుల్లో సఫ్తా నోటికి జడిసి మేస్త్రీ కూడా పక్క గట్టు మీంచి పోయేవాడు. అంత గడుసు మనిషి ఇలా ఎందుకయిందో చెప్పాలంటే ఒక కుక్క సంగతి చెప్పాలి.

ఆవిడ ఏరికోరి పెళ్ళాడింది పుట్టుగుడ్డి పెత్రుని. చీపురుజొన్న కంకులు తెచ్చి, తీగతో బిగించి, చీపుళ్ళు కట్టడం అతని పని. ఆ పెళ్ళికి ఊళ్ళో ఆడవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. "కళ్ళున్నవాడు ఒక్కడూ దొరకలేదుటే నీకు?" అని ఎవరో మొహం మీదే దెప్పారు.

"కళ్ళున్నవాళ్ళని మీరు కట్టుకున్నారుగా! పొద్దుగూకేసరికి సారా సీసా తప్ప ఇంకేమీ ఆనదు మీ మొగుళ్ళకి. మీ మొహం ఆఖరుసారి ఎప్పుడు చూశారో కనుక్కోండి పోయి," అంది సఫ్తా. ఆ తరవాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కాపురం బాగానే సాగింది. ఒక్క కాన్పు అయింది, బిడ్డ దక్కలేదు, మళ్ళీ కడుపు పండలేదు. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి ఊరుకున్నారు. ఓ ఏడాది శీతాకాలానికి కొండ దిగివచ్చిన గొర్రెల కాపరులు ఒక కుక్కపిల్లని వదిలేసి పోతే అది వీళ్ళ పంచన చేరింది. బురదరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వేలాడి, చూడబోతే మహా అనాకారి. పెత్రు దాన్ని ఒళ్ళోకి తీసుకుని తల నుంచి తోక దాకా తడిమి, "అబ్బ, ఎంత అందగాడే వీడు!" అన్నాడు. సఫ్తా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నిజం చెప్పబుద్ధి కాలేదు. పువ్వు పేరు పెట్టారు దానికి, బుజోర్ అని.

ఆ కుక్కకి ఎవరూ ఏమీ నేర్పలేదు. దానంతట అదే పెత్రు ఎడమ మోకాలికి ఒళ్ళు ఆనించి నడవడం మొదలుపెట్టింది. చర్చికి పోయే దారిలో వాగు మీద ఒంటి చెక్క వేసి ఉండేది. అక్కడికి రాగానే అడ్డంగా నిలబడిపోయేది. పెత్రు కర్రతో చెక్క అంచు తడిమి చూసుకుని, "ఆఁ, పద నాయనా," అంటేగాని అడుగు కదిపేది కాదు. "నా కొడుక్కి నా పోలిక రాలేదు, అదృష్టవంతుడు," అని వచ్చేపోయే వాళ్ళందరితో చెప్పుకుని మురిసిపోయేవాడు పెత్రు.

నవంబరులో ఓ మధ్యాహ్నం చీపురు కడుతూ కడుతూ, "సఫ్తా, చెయ్యి తిమ్మిరెక్కుతోందే," అని జొన్నకంకుల మోపు మీదికి ఒరిగిపోయాడు. అంతే. పిలిచినా పలకలేదు.

మా దగ్గర మనిషి ప్రయాణం సమాధితో అయిపోదు, అక్కడ మొదలవుతుంది. ఆత్మ పోయే దారిలో ముళ్ళకంపలుంటాయి, చీకటి ఉంటుంది, అన్నిటినీ మించి నీళ్ళ మీద ఒక సన్నటి వంతెన ఉంటుంది. అందుకే శవాన్ని తీసుకుపోయేటప్పుడు వాగు అడ్డమొచ్చిన చోటల్లా నేల మీద తెల్లగుడ్డ పరుస్తాం, అక్కడ అది వంతెన అవుతుందని. గోతికి ఈ పక్క నుంచి ఆ పక్కకి బతికున్న నల్లకోడిని ఎవరైనా పేదవాడి చేతికి అందిస్తాం, అది అక్కడ ముందు నడుస్తూ ముళ్ళన్నీ కెలికి దారి చేస్తుందని. ఇక్కడ ఇచ్చింది అక్కడ చేరుతుంది. చర్చిలో ఎవరు ఏం చెప్పినా ఈ నమ్మకం మాత్రం మావాళ్ళు వదులుకోరు. సఫ్తా ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. గుడ్డ పరిచింది, కోడినిచ్చింది, కొవ్వొత్తులిచ్చింది, కొత్త తువ్వాళ్ళిచ్చింది.

అయినా పెత్రు కలలోకి రావడం మొదలుపెట్టాడు. నీళ్ళ ఒడ్డున నిలబడి, ఎడమచెయ్యి కిందికి చాచి గాలిలో తడుముకుంటూ ఉంటాడు. ఏదో పిలుస్తాడు. గొంతు వినబడదు, పెదాలు కదులుతాయి. ఎవర్ని పిలుస్తున్నాడో సఫ్తాకి ఒకరు చెప్పాలా! ప్రతిసారీ అదే కల, అదే ఒడ్డు. అడుగు ముందుకు పడదు.

పక్కింటి తుదోరిత్సకి చెప్పుకుంది. చావు ఇళ్ళలో పంచిపెట్టే గోధుమలు ఉడికించడం దగ్గర్నుంచి ఎవరికి ఏ దానం ఇవ్వాలో చెప్పడం దాకా అంతా తుదోరిత్సే. ఆవిడ మాట దాటినవాళ్ళు ఊళ్ళో లేరు.

"ఒసే అమాయకురాలా, కోడినిచ్చావు సరే," అంది తుదోరిత్స. "గుడ్డివాడికి కోడి ఎటు పోతోందో కనబడుతుందిటే? అది కెలుక్కుంటూ దాని దారిన అది పోయుంటుంది. మీ ఆయన వంతెన మొదట్లోనే ఆగిపోయాడు."

"మరేం చెయ్యనక్కా?"

"ఆయన చేతికి ఏది అలవాటో అదే ఇవ్వాలి."

ఇద్దరూ ఒక్కసారే పొయ్యి పక్కకి చూశారు. పెత్రు కూర్చునే ముక్కాలిపీట మీద గడ్డం ఆనించి బుజోర్ పడుకుని ఉంది.

"చంపమంటావా?" అంది సఫ్తా.

"ఛీ, నోరు ముయ్! చంపితే పాపమవుతుంది గానీ దానమెలా అవుతుందే? బతికుండగా ఇవ్వాలి, కోడిలాగే. ఆయన పోయిన నలభయ్యో రోజు ప్రార్థనయ్యాక సమాధి మీదుగా పరాయివాడి చేతికి ఇచ్చెయ్. ఇచ్చాక మాత్రం అది నీది కాదు. పిలవకూడదు, ముట్టుకోకూడదు, గుమ్మంలోకి రానివ్వకూడదు. నువ్విక్కడ పట్టుకున్నావో, అక్కడ ఆయన చేతిలోంచి జారిపోతుంది. అప్పుడాయన వంతెన మధ్యలో ఉన్నాడనుకో, ఇక చెప్పేదేముంది!"

ఆ చివరి మాట అనాల్సిన అవసరం ఏమొచ్చిందో ఆవిడకి! తుదోరిత్స నోటికి ముందూ వెనకా ఉండదు, అనేస్తుంది, మరిచిపోతుంది. సఫ్తా గుండెలో మాత్రం అది మేకులా దిగబడింది.

అయినా ఊరికే నమ్మలేదు. కుక్క మీద మమకారం అలాంటిది. చర్చికి పోయి ఫాదర్ సెవెర్‌ని అడిగింది. ఆయన అప్పుడే చదువు ముగించుకుని మా ఊరికొచ్చిన కుర్రవాడు. దేన్నయినా గట్టిగా చెబితేనే జనం వింటారని ఆయనకి ఎవరో నూరిపోశారు.

"ఫాదరూ, కుక్కకి ఆత్మ ఉంటుందా?"

"ప్రాణం ఉంటుందమ్మా, ఆత్మ ఉండదు. మనిషిలోకి దేవుడు తన ఊపిరి ఊదాడు. జంతువు ప్రాణం దాని నెత్తుట్లో ఉంటుంది. నెత్తురు చల్లబడితే సరి."

"మరి గోతి మీదుగా ఇచ్చే కోడి ఎక్కడికి పోతుంది?"

"పేదవాడి ఇంటికి పోతుంది. మీ దయని దేవుడు చూస్తాడు. అంతేగానీ కోడి పరలోకానికి పోదు."

"మొన్న మారిన్ తాత చావుకిచ్చిన కోడి పేదవాడింటికి కూడా పోలేదుగా, మీ వంటింటికే వచ్చింది," అంది సఫ్తా. ఇంకా నోరున్న రోజులవి.

ఫాదరు చెవులు ఎర్రబడ్డాయి. "పెత్రు అక్కడ గుడ్డివాడు కాడమ్మా. దేవుడి సన్నిధిలో కళ్ళు తెరుచుకుంటాయి. ఆయనకి ఇంక కుక్కతో పనిలేదు."

"తెరుచుకునేది వంతెన దాటాకా, దాటకముందా?"

 ఫాదరు చదువుకున్న చదువులో వంతెన లేదు. జవాబు లేనప్పుడు మనిషికి వచ్చేది కోపమే కదా. "అవన్నీ ముసలమ్మల కథలు! కుక్క చస్తే మట్టి, దారిలో రాయి కన్నా ఎక్కువేమీ కాదు. మెదడు పాడుచేసుకోకుండా ఇంటికి పో," అని కసిరాడు.

దారంతా సఫ్తా ఆలోచించుకుంది. ఫాదరు మాటే నిజమైతే కుక్కని ఇచ్చినా పెత్రుకి వచ్చే నష్టం లేదు. తుదోరిత్స మాట నిజమైతే, ఇవ్వకపోతే మొగుణ్ణి చేతులారా నీళ్ళ ఒడ్డున వదిలేసినట్టు. ఎటు చూసినా ఇవ్వడమే మేలనిపించింది. ఆ ఆలోచనలో కుక్క కష్టం ఏమిటన్నది ఒక్కసారి కూడా తట్టలేదు. ఆవిడ చెడ్డదై కాదు. ఆవిడ కళ్ళ ముందు ఆ గాలిలో తడుముకునే చెయ్యి తప్ప ఇంకేమీ లేదు.

నలభయ్యో రోజు వచ్చింది. ప్రార్థన ముగించి, ఏమీ చూడనట్టే ఫాదరు గబగబా వెళ్ళిపోయాడు. సమాధికి ఆ పక్కన ఊరి చివర పండ్లతోటల కావలివాడు సాందు నిలబడ్డాడు. కూతురికి పెళ్ళి చేసి పంపి ఒంటరిగా ఉంటున్నవాడు, పేదవాడు, కాస్త మొరటుగా ఉంటాడు గానీ మంచివాడే. ఈ పక్కన సఫ్తా, ఆవిడ పక్కన బుజోర్. దాని మెడ తాడుకి తువ్వాలు, కొవ్వొత్తి కట్టి ఉన్నాయి.

"ఇది పెత్రుకి ముందు నడవాలి," అని తాడు కొస సమాధి మీదుగా అందించింది.

"దేవుడు ఆయన్ని క్షమించుగాక," అని సాందు అందుకుని లాగాడు.

కుక్క కదలలేదు. మట్టి దిబ్బకి అడ్డంగా నిలబడి, సఫ్తా మోకాలికి ఒళ్ళు ఆనించింది. వాగు చెక్క దగ్గర పెత్రుని ఆపినట్టు ఆపింది. సాందు మళ్ళీ లాగాడు. మెడ బిగుసుకుంటున్నా ఒళ్ళు ఆనించే ఉంది.

"మాట చెప్పవే, మాట కోసం చూస్తోంది," అంది వెనక నుంచి తుదోరిత్స.

"ఆఁ, పద నాయనా," అంది సఫ్తా.

వెంటనే కుక్క దిబ్బ దాటి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి సఫ్తా అన్నం ముట్టలేదు. కానీ ఆనాటి నుంచి కల రావడం మానేసింది. చేరింది, పెత్రు చేతికి చేరింది, నడుస్తున్నాడు, అనుకుంది. గుండె కోత కోస్తున్నా ఆ ఒక్క నిబ్బరం దొరికింది.

మర్నాడు పొద్దున్న గేటు బయట బుజోర్ ఉంది, కొరికేసిన తాడు మెడకి వేలాడుతూ. సఫ్తాని చూడగానే ఒళ్ళంతా తోకే అయిపోయింది. ఆవిడ లోపలి నుంచే, "పో! పో అవతలికి!" అని అరిచింది. ఆట అనుకుని అది గెంతింది. అప్పుడు మట్టిపెళ్ళ తీసుకుని విసిరింది. అది తగిలి కుక్క దూరంగా పోయి కూర్చుంది, గేటు వంకే చూస్తూ.

సాందు వచ్చి తీసుకుపోయి గొలుసు వేశాడు. రెండుమూడు రోజులకి మేకు పీక్కుని మళ్ళీ వచ్చింది. ఈసారి సఫ్తా రాళ్ళు విసిరింది. సాందుకి విసుగొచ్చింది.

"తిండి ముట్టడం లేదు తల్లీ. మొక్కజొన్న సంకటి పెట్టాను, పాలు పోశాను, నేను తినాల్సిన పందికొవ్వు ముక్క కూడా పెట్టాను. మూతి పెట్టదు. వెనక్కి తీసుకో, దేవుడేమీ అనుకోడు."

"ఇచ్చింది ఇచ్చిందే సాందూ. అది నీది."

"నాదంటే నేను కాదన్నానా? దానికెవరు చెబుతారు?"

"నేను తీసుకుంటే అక్కడ ఆయన పడిపోతాడు," అంది సఫ్తా. సాందు ఆవిడ మొహం చూసి, టోపీ సర్దుకుని కుక్కని ఈడ్చుకుపోయాడు.

జనవరిలో ప్రభువు బాప్తిస్మం పండగకి సాందు కూతురింటికి పోతూ, గొలుసుకి కట్టి ఉంచితే చస్తుందని కుక్కని వదిలేసి పోయాడు. మంచు మోకాళ్ళ దాకా ఉంది. పొద్దెక్కాక సఫ్తా కట్టెలకని బయటికొస్తే గేటు అవతల బుజోర్ పడుకుని ఉంది. లేవలేదు. తోక మాత్రం మంచు మీద ఒకసారి కదిలింది. పక్కటెముకలు గేటు సందులోంచి కూడా కనిపిస్తున్నాయి.

కట్టెలు కొట్టే మొద్దుని గేటు దగ్గరికి దొర్లించుకొచ్చి దాని మీద కూర్చుంది. లోపలికి పోలేకపోయింది, గేటు తియ్యలేకపోయింది.

"ఎందుకొచ్చావురా ఇక్కడికి?" అంది. "అక్కడ ఆయన నిన్ను పట్టుకుని నడుస్తున్నాడురా. పో. పెత్రు దగ్గరికి పో."

పెత్రు పేరు వినగానే కుక్క తల ఎత్తి అటూ ఇటూ చూసింది. ఎక్కడా కనబడకపోయేసరికి కుయ్యిమంటూ పాకి, గేటు కింద సందులోంచి మూతి లోపలికి పెట్టింది. సఫ్తా చెప్పు అంచుకి తగలబోయింది. ఆవిడ చప్పున కాలు వెనక్కి లాక్కుంది.

కొంగులో పొద్దుటి రొట్టె ఉంది. చెయ్యి అందులోకి పోయింది, రొట్టెని పట్టుకుంది, అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పెట్టిందంటే మళ్ళీ తనదైపోతుంది. వంతెన మధ్యలో ఉన్నాడేమో. ఇంకో నాలుగు అడుగులే ఉన్నాయేమో. ఎవరికి తెలుసు? ఏడుస్తూనే ఉంది, కూర్చునే ఉంది. కుక్క మూతి దగ్గర ఊపిరి ఆవిరై లేస్తోంది. అది లేచినంతసేపూ ఆవిడ చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఆవిరి లేవడం మానేసింది.

ముట్టుకుని పాతిపెట్టడానికి కూడా లేదు, పరాయి సొత్తు. సాందు వచ్చి చూశాడు. తోటలోకి మోసుకుపోయి పూడ్చాడు.

ఆ వారంలోనే తుదోరిత్స వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అయ్యో, నీ గేటు ముందే చచ్చిందటగా! ఒక్క రొట్టెముక్క విసరలేకపోయావుటే?"

సఫ్తా పొయ్యి దగ్గర నుంచి మెల్లగా తిరిగింది. "నువ్వేగా వద్దన్నావు."

"ముట్టుకోవద్దన్నాను, లోపలికి రానివ్వద్దన్నాను. పెట్టొద్దన్నానా? దారినపోయే కుక్కకి విసరమూ ఓ ముక్క? పెత్రు పేరు చెప్పి గేటు మీంచి విసిరుంటే అదీ దానమే అయ్యేది కదే. ఎంత పని చేశావే తల్లీ!"

దేవుడా, ఆ ఆడదాని నోట్లో అంత మన్ను పొయ్యాలి! చెప్పేదేదో ముందే పూర్తిగా చెప్పి ఏడవచ్చుగా!

ఆ రోజు నుంచి సఫ్తాకి వేరే నరకం మొదలైంది. ఇన్నాళ్ళూ కుక్క అక్కడికి చేరాలని ఏడ్చింది. ఇప్పుడు చేరితే ఎలా అన్న భయం పట్టుకుంది. అక్కడికి చేరగానే పెత్రు ఏం చేస్తాడు? ఒళ్ళోకి తీసుకుని తల నుంచి తోక దాకా తడుముతాడు. పెత్రు వేళ్ళకి తెలియనిదేముంది? ఆ పక్కటెముకలు తగులుతాయి. రాళ్ళు తగిలి కట్టిన గడ్డలు తగులుతాయి. గడ్డకట్టిన మూతి తగులుతుంది. "ఎవరు చేశారురా నాయనా ఇది?" అంటాడు. కుక్క చెప్పకపోవచ్చు. కానీ పెత్రు తెలివైనవాడు, బుజోర్ ఎవరి గేటు దగ్గర తప్ప అలా పడి ఉండదో ఆయనకి తెలుసు.

పోనీ కళ్ళే తెరుచుకున్నాయనుకుంటే ఇంకా ఘోరం. ఆయన లోకంలో మొట్టమొదట చూసేది అదే.

ఈస్టరు ముందు ఉపవాసాల్లో అందరితో పాటు పాపాలు చెప్పుకోవడానికి సఫ్తా చర్చికి పోయింది. మోకాళ్ళ మీద కూర్చుంటే ఫాదర్ సెవెర్ తన మెడవస్త్రం ఆవిడ తల మీద కప్పాడు. కుక్క సంగతి ఊరంతటికీ తెలిసినట్టే ఆయనకీ తెలుసు. ఆ రోజు కసిరి పంపకుండా కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఇంతదాకా రాకపోయేదేమోనని చలికాలమంతా కుమిలిపోయాడు పాపం.

"ఫాదరూ, ఆ రోజు ఒక మాట చెప్పారే," అంది సఫ్తా. "కుక్క చస్తే మట్టేనని, రాయి కన్నా ఎక్కువ కాదని. మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

ఫాదరు తల అడ్డంగా ఊపాడు. "చెప్పనమ్మా. నా చిన్నతనం కొద్దీ అన్నాను, నన్ను క్షమించు. తను చేసిన ఏ ప్రాణినీ దేవుడు మరిచిపోడు. శాస్త్రంలో ఉందా అంటే నాకు తెలియదు, నా మనసుకి మాత్రం గట్టిగా అనిపిస్తోంది. మీ బుజోర్ ఈపాటికి పెత్రు పక్కనే ఉంటాడు. పెత్రు వాడి ఒళ్ళు నిమురుతూ ఉంటాడు."

"వద్దు!" అని సఫ్తా వస్త్రం కింద నుంచే ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "వద్దు ఫాదరూ, లేదనండి! మట్టే అనండి! మీకు పుణ్యముంటుంది, ఆ రోజు అన్నట్టే అనండి! ఆయన్ని నిమరనివ్వకండి!"

వెనక వరసలో జనం తొంగిచూశారు. ఫాదరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. దుఃఖం పొంగుకొచ్చి ఏదో అంటోంది, ఓదార్పు చాలలేదు కాబోలు అనుకున్నాడు. వంగి, వస్త్రం మీద నుంచే తల నిమిరాడు.

"ఏడవకమ్మా," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "రేపు నీ వంతు వచ్చి నువ్వు వెళ్ళినప్పుడు చూడు, గేటు దగ్గర నీకోసం వాడే కూర్చుని ఉంటాడు."